'సర్వర్ డౌన్' అంటారు.. అసలు డౌన్ అయింది ఏది? పరవాడ బ్రాంచ్ నుంచి హైదరాబాద్ సర్వర్ దాకా తప్పు పట్టుకునేదెలా?

పరవాడ ఫార్మాసిటీలో ఏదో ఒక యూనిట్ అనుకోండి. సాయంత్రం ఆరు దాటింది. లారీలోకి డ్రమ్ములు ఎక్కించేశారు. టార్పాలిన్ కప్పి తాళ్లు కూడా బిగించేశారు. డ్రైవర్ క్యాబిన్‌లో రెడీగా ఉన్నాడు. కానీ బండి గేటు దాటదు. ఎందుకంటే చేతిలో ఇన్వాయిస్ లేదు, ఈ-వే బిల్లు లేదు. ఆ ఇన్వాయిస్ తీసే సాఫ్ట్‌వేర్ డిస్పాచ్ రూములోని కంప్యూటర్‌లో ఉండదు. అది ఉండేది హైదరాబాద్‌లోని హెడ్డాఫీస్ సర్వర్‌లో. స్క్రీన్ మీద మాత్రం 'కనెక్ట్ కాలేదు' అని ఒకటే మెసేజ్. ఫోన్‌లో అడిగితే వచ్చే జవాబు కూడా ఒకటే.. "సర్వర్ డౌన్ సార్".

నిజంగా సర్వర్ డౌన్ అయిందా? చాలాసార్లు కాదు. సర్వర్ అక్కడ నిక్షేపంగా పనిచేస్తూనే ఉంటుంది. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లే దారిలోనే ఎక్కడో తెగి ఉంటుంది. ఆ తెగిన చోటు ఏదో పది నిమిషాల్లో తెలుసుకోవచ్చు. దానికి ఇంజినీర్ రావాల్సిన పని కూడా లేదు. తెలియకపోతే మాత్రం రాత్రంతా లారీ గేటు దగ్గరే.

అనకాపల్లి జిల్లాలోని పరవాడ మండలంలో ఈ సమస్య అందరికీ అర్థమయ్యేదే. 2,000 మెగావాట్ల ఎన్టీపీసీ సింహాద్రి థర్మల్ ప్లాంట్ ఇక్కడిదే. జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ ఇక్కడిదే. ఇలాంటి చోట ఉత్పత్తి ఒక ఊళ్లో, లెక్కలు ఇంకో ఊళ్లో ఉండటం మామూలు. పెద్ద కంపెనీలే కాదు.. బ్యాంకు బ్రాంచ్, పోస్టాఫీస్, గ్రామ సచివాలయం, ట్రాన్స్‌పోర్ట్ బుకింగ్ కౌంటర్, ఏదైనా సరే, ఎదురుగా కనిపించే కంప్యూటర్ ఒక కిటికీ మాత్రమే. అసలు పని ఎక్కడో దూరంగా ఉన్న సర్వర్‌లో జరుగుతుంది.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1998 నవంబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. అప్పుడు సర్వర్ కూడా ఆఫీసులోనే ఉండేది. చెడిపోతే ఆ ఒక్క ఆఫీసుకే ఇబ్బంది. ఆ తర్వాత అన్నిచోట్లా డేటా ఒకే సెంటర్‌కి చేరింది. దానివల్ల లాభాలు బోలెడు, కాదనలేం. కానీ దారి తెగితే బ్రాంచ్ చేతులు కట్టేసినట్టే. పొద్దున్నే కూలి మానుకుని వచ్చినవాళ్లు మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని వెనక్కి వెళ్లడం మన దగ్గర కొత్త వార్తేం కాదు.

దారి ఎలా ఉంటుంది?

బ్రాంచ్ కంప్యూటర్ నుంచి ఒక కేబుల్ గోడ సాకెట్‌కి, అక్కడి నుంచి స్విచ్‌కి, స్విచ్ నుంచి రౌటర్‌కి వెళ్తుంది. రౌటర్ నుంచి ఫైబర్ బయటికి వెళ్తుంది. అది ఇంటర్నెట్ కంపెనీ నెట్‌వర్క్‌లో ప్రయాణించి హెడ్డాఫీస్ ఫైర్‌వాల్‌కి చేరుతుంది. ఫైర్‌వాల్ అంటే గేటు దగ్గర సెక్యూరిటీ లాంటిది. పేరు రాసుకుని, ఎవరి కోసం వచ్చారో అడిగి, అప్పుడే లోపలికి వదులుతుంది. లోపల సర్వర్, సర్వర్‌లో సాఫ్ట్‌వేర్, దాని వెనక డేటాబేస్. ఇందులో ఏ ఒక్కటి ఆగినా బ్రాంచ్‌లో కనిపించేది మాత్రం అదే మెసేజ్.

అందుకే ముందు అడగాల్సిన ప్రశ్న టెక్నికల్‌ది కాదు. పక్క సీట్లో పనిచేస్తోందా? ఒక్క కంప్యూటర్‌కే రావట్లేదంటే తప్పు ఆ కంప్యూటర్‌లోనో, దాని కేబుల్‌లోనో, ఆ యూజర్ పాస్‌వర్డ్‌లోనో ఉంది. బ్రాంచ్ మొత్తానికి రావట్లేదంటే రౌటర్ లేదా లైన్. మిగతా బ్రాంచ్‌లకీ రావట్లేదంటే అప్పుడు హెడ్డాఫీస్. పక్క బ్రాంచ్‌కి ఒక్క ఫోన్ కొడితే సగం పని అయిపోతుంది. చాలాచోట్ల ఈ ఒక్క ఫోన్ చెయ్యకుండానే రౌటర్ ఆపి, కంప్యూటర్ ఆపి, మళ్లీ ఆన్ చేసి గంట గడిపేస్తారు. రీస్టార్ట్ పనికిరాదని కాదు. పిడుక్కీ బియ్యానికీ అదే మంత్రం అయితేనే ఇబ్బంది.

దగ్గర నుంచి దూరానికి..

ముందు కేబుల్. కంప్యూటర్ వెనక నెట్‌వర్క్ పోర్ట్ దగ్గర చిన్న లైట్లు ఉంటాయి. అవి వెలగకపోతే సర్వర్ గురించి ఆలోచించడమే దండగ. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి కేబుల్ ఊడటం, ఎలుక కొరకడం, ఎవరో ఫోన్ చార్జింగ్ కోసం స్విచ్ ప్లగ్ పీకేయడం.. బ్రాంచ్ ఆఫీసుల్లో ఇవి తరచూ జరిగేవే. వినడానికి చిన్నతనంగా ఉంటుంది, అందుకే ఎవరూ ముందు చూడరు.

లైట్లు బాగానే ఉంటే కంప్యూటర్‌కి వచ్చిన ఐపీ అడ్రస్ చూడాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్' కమాండ్ కొడితే కనిపిస్తుంది. అది 169.254తో మొదలైందంటే అర్థం ఒకటే. రౌటర్ నుంచి అడ్రస్ రాలేదు, కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. అంటే తప్పు గది లోపలే ఉంది, హైదరాబాద్ దాకా వెళ్లాల్సిన పనే లేదు.

అడ్రస్ సరిగ్గా ఉంటే అక్కడే 'డిఫాల్ట్ గేట్‌వే' అని ఇంకో నంబర్ కనిపిస్తుంది. అది మీ రౌటర్. దాన్ని పింగ్ చేయండి. జవాబు వస్తే రౌటర్ దాకా దారి క్లియర్. ఆ తర్వాత బయట ఉన్న ఏదైనా తెలిసిన అడ్రస్‌ని పింగ్ చేయండి. 8.8.8.8 అని గూగుల్ నడిపే అడ్రస్ ఒకటి ఉంది, గుర్తుపెట్టుకోవడం తేలిక. అక్కడి నుంచీ జవాబు వస్తే మీ ఇంటర్నెట్ లైన్ బతికే ఉంది.

పింగ్ జవాబులో ఒక మెలిక ఉంది. 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అని వచ్చినప్పుడు ఆ మాట ఎవరు చెప్పారో చూడాలి. ఆ లైన్‌లో మీ కంప్యూటర్ అడ్రసే ఉంటే, మీ కంప్యూటరే "నాకు దారి దొరకలేదు" అని చెబుతోంది. రౌటర్ అడ్రస్ ఉంటే రౌటర్ చెబుతోంది. చాలామంది ఈ తేడా చూడరు.

పేరు తెలుసు.. నంబర్ తెలీదు

ఇంటర్నెట్ బానే వస్తోంది, యూట్యూబ్ ఆడుతోంది, సర్వర్ మాత్రం రావట్లేదు. ఇప్పుడేంటి? ఇక్కడ చూడాల్సింది డీఎన్ఎస్. సర్వర్‌కి మనం పెట్టుకునేది పేరు, నెట్‌వర్క్‌కి కావాల్సింది నంబర్. ఫోన్‌లో కాంటాక్ట్స్ ఎలాగో డీఎన్ఎస్ అలాగ. పేరు చెబితే నంబర్ ఇస్తుంది. కాంటాక్ట్స్ పోతే ఫోన్ బాగానే ఉన్నా ఎవరికీ చెయ్యలేం కదా.

దీని దెబ్బ ఎంత పెద్దదో 2021 అక్టోబర్ 4న ప్రపంచం మొత్తం చూసింది. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలు కనిపించకుండా పోయాయి. మెయింటెనెన్స్‌లో జరిగిన పొరపాటు వల్ల ఫేస్‌బుక్ డేటా సెంటర్లకు మధ్య లింకులు తెగాయి. దాంతో ఆ కంపెనీ డీఎన్ఎస్ సర్వర్లకు వెళ్లే దారులు కూడా ఇంటర్నెట్ నుంచి మాయమయ్యాయి. బాగుచేయాల్సిన ఇంజినీర్లు వాడే టూల్స్ కూడా అదే నెట్‌వర్క్ మీద ఉన్నాయి. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టయింది.

బ్రాంచ్‌లో దీన్ని తేల్చడం సులువే. 'ఎన్ఎస్‌లుకప్' అనే కమాండ్ పక్కన సర్వర్ పేరు టైప్ చేయాలి. నంబర్ రాకపోతే డీఎన్ఎస్ దగ్గరే తప్పు. ఆఫీస్ లోపలి సర్వర్ పేర్లు బయటి డీఎన్ఎస్‌కి తెలియవు. కాబట్టి కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టిన టెక్నీషియన్ తన డీఎన్ఎస్ సెట్టింగ్ పెట్టి వెళ్లిపోతే, మర్నాడు పొద్దున గూగుల్ వస్తుంది, ఆఫీస్ సాఫ్ట్‌వేర్ రాదు.

పింగ్ రాలేదని సర్వర్ చచ్చిపోయినట్టు కాదు

ఇది ముఖ్యం. చాలా ఆఫీసుల్లో ఫైర్‌వాల్ పింగ్‌కి జవాబివ్వకుండా ఆపేస్తుంది, భద్రత కోసం. కాబట్టి పింగ్ రాకపోయినా సర్వర్ మామూలుగానే పనిచేస్తూ ఉండొచ్చు. అలాగే పింగ్ వచ్చినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ పనిచేస్తోందనీ కాదు. ఇంట్లో లైటు వెలుగుతోంది కాబట్టి మనిషి ఉన్నాడనుకోవడం లాంటిదే అది.

సర్వర్‌లో ఒక్కో పనికీ ఒక్కో తలుపు ఉంటుంది. దాన్నే పోర్ట్ అంటారు. రిమోట్ డెస్క్‌టాప్‌కి మామూలుగా 3389, వెబ్ పేజీకి 443. ఆ తలుపు తెరిచి ఉందో లేదో చూసేందుకు విండోస్ పవర్‌షెల్‌లో 'టెస్ట్-నెట్‌కనెక్షన్' అనే కమాండ్ ఉంది. సర్వర్ పేరు, పోర్ట్ నంబర్ ఇస్తే చివర్లో 'ట్రూ' లేదా 'ఫాల్స్' అని చెబుతుంది. పింగ్ రాకుండా ఇక్కడ ట్రూ వచ్చిందంటే దారి బాగానే ఉంది, పాస్‌వర్డ్‌లోనో సాఫ్ట్‌వేర్‌లోనో చూసుకోవాలి.

ఫాల్స్ వచ్చినా రెండు రకాలు. రెండు మూడు సెకన్లలోనే తిరస్కరిస్తే, చాలావరకు ఆ మెషీన్ ఆన్‌లోనే ఉంది, కావాల్సిన సర్వీస్ మాత్రం నడవట్లేదు. తలుపు తట్టగానే లోపలి నుంచి "లేరు" అన్నారన్నమాట. అదే ఇరవై సెకన్లు ఆగి ఆగి టైమవుట్ అయితే, మధ్యలో ఫైర్‌వాల్ మింగేసి ఉండాలి, లేదా అసలు మెషీనే లేదు. మొదటిదైతే సర్వర్ చూసుకునేవాళ్లకి ఫోన్, రెండోదైతే నెట్‌వర్క్ వాళ్లకి. ఈ ఒక్క విషయం సరిగ్గా చెబితే "మాది కాదు, వాళ్లని అడగండి" అంటూ తిప్పే తిప్పలు చాలావరకు తప్పుతాయి.

వీపీఎన్ కనెక్ట్ అయింది.. అయినా రాదు

ఇల్లు అలకగానే పండగ కాదు. వీపీఎన్ పచ్చరంగులో 'కనెక్టెడ్' అని చూపించినా సర్వర్ అందకపోవడం బ్రాంచ్‌లలో బాగా విసిగించే సమస్య. దీని వెనక కొన్ని కారణాలు మళ్లీమళ్లీ కనిపిస్తుంటాయి.

ఒకటి, రెండు వైపులా ఒకే అడ్రస్ వరస ఉండటం. మార్కెట్‌లో కొన్న రౌటర్లు చాలావరకు 192.168.1 లేదా 192.168.0 వరసతోనే వస్తాయి. హెడ్డాఫీస్‌లో కూడా అదే వరస వాడుతుంటే, బ్రాంచ్ కంప్యూటర్ "ఈ అడ్రస్ నా గదిలోనే ఉంది కదా" అనుకుని ఇక్కడే వెతుకుతుంది. దొరకదు. ఒక వీధిలో 12వ నంబర్ ఇల్లు రెండు ఉంటే పోస్ట్‌మ్యాన్ పడే అవస్థ ఇదే. బ్రాంచ్ వైపు వరస మార్చడమే పరిష్కారం. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి ఇంట్లో రాక, ఫోన్ హాట్‌స్పాట్ పెడితే వచ్చిందంటే చాలావరకు ఇదే కారణం.

రెండోది, ఇంటర్నెట్ కంపెనీ మారడం. హెడ్డాఫీస్ ఫైర్‌వాల్‌లో పరవాడ బ్రాంచ్ పాత పబ్లిక్ ఐపీ రాసి ఉంటుంది. చవగ్గా వస్తోందని లోకల్‌గా కొత్త కనెక్షన్ తీసుకుంటారు, స్పీడ్ టెస్ట్ అదిరిపోతుంది. కానీ సెక్యూరిటీ దగ్గర ఉన్న లిస్టులో కొత్త నంబర్ లేదు. లోపలికి రానివ్వరు. పైగా మామూలు ఇంటి ప్లాన్లలో ఆ నంబర్ తరచూ మారిపోతుంది, ఒక్కోసారి ఒకే నంబర్‌ని చాలామంది కస్టమర్లకి పంచుతారు. అందుకే ఆఫీసులకి స్టాటిక్ ఐపీ అడిగి తీసుకోవాలి. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

మూడోది కాస్త వింతగా ఉంటుంది. లాగిన్ పేజీ వస్తుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, ఆ తర్వాత నల్ల స్క్రీన్. అక్కడే ఆగిపోతుంది. దీనికి ఒక కారణం ప్యాకెట్ సైజు. మామూలు నెట్‌వర్క్‌లో ఒక ప్యాకెట్ 1,500 బైట్ల దాకా ఉండొచ్చు. బ్రాడ్‌బ్యాండ్‌లో వాడే పీపీపీఓఈ పద్ధతిలో అది 1,492కి తగ్గుతుంది, వీపీఎన్ తన చుట్ట చుట్టాక ఇంకా తగ్గుతుంది. చిన్న ప్యాకెట్లు దూరిపోతాయి కాబట్టి పింగ్ వస్తుంది, లాగిన్ వస్తుంది. పూర్తి స్క్రీన్ బొమ్మ పంపే పెద్ద ప్యాకెట్లు మాత్రం ఇరుక్కుంటాయి. రౌటర్ లేదా వీపీఎన్ సెట్టింగ్‌లో ఎంటీయూ అనే విలువ తగ్గిస్తే సరిపోతుంది. ఇది మాత్రం ఐటీ వాళ్ల చేత చేయించుకోవాల్సిన పని. కానీ "నల్ల స్క్రీన్ వస్తోంది" అన్న ఒక్క మాట చెబితే వాళ్లకి సగం దొరికినట్టే.

గడియారం తప్పితే గుమ్మం తెరుచుకోదు

ఇది చాలామంది నమ్మరు. కంప్యూటర్‌లో టైమ్ తప్పుగా ఉంటే సర్వర్ లోపలికి రానివ్వదు. విండోస్ డొమైన్ నెట్‌వర్క్‌లో లాగిన్‌ని చూసే కెర్బరోస్ పద్ధతికి మామూలుగా 5 నిమిషాల తేడా దాకానే ఓపిక. అంతకుమించి తేడా ఉంటే పాస్‌వర్డ్ కరెక్టే అయినా కుదరదంటుంది. సెక్యూర్ వెబ్‌సైట్లకి కూడా ఇంతే. సర్టిఫికెట్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఉంటుంది, మీ కంప్యూటర్ 2015లో ఉందనుకుంటే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనట్టే లెక్క.

టైమ్ ఎందుకు తప్పుతుంది? పాత కంప్యూటర్ల మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. దాన్ని సీఆర్2032 అంటారు. కొన్నేళ్లకి అది అయిపోతుంది. కరెంట్ పోయినప్పుడల్లా గడియారం వెనక్కి వెళ్తుంది. 'కరెంట్ పోయి వచ్చాక ఈ ఒక్క సిస్టంలో సర్వర్ రావట్లేదు' అన్నారంటే ముందు స్క్రీన్ కింద మూలన తేదీ చూడాలి. వేలు పోసి కొత్త రౌటర్ కొనేముందు ఆ బ్యాటరీ మార్చి చూడటం మేలు.

లోపల కుర్చీలు నిండిపోతే..

దారి బాగుంది, పాస్‌వర్డ్ కరెక్ట్, అయినా 'ఎక్కువమంది యూజర్లు ఉన్నారు' అని మెసేజ్ వస్తుంది. విండోస్ సర్వర్‌లో ప్రత్యేక లైసెన్సులు తీసుకోకపోతే ఒకేసారి ఇద్దరే రిమోట్‌గా లోపల ఉండగలరు, అదీ అడ్మినిస్ట్రేషన్ పని కోసం. ఇక్కడ జరిగే తప్పు ఏంటంటే, పని అయ్యాక పైన ఉన్న ఇంటూ గుర్తు నొక్కి విండో మూసేస్తారు. విండో పోతుంది కానీ సర్వర్‌లో ఆ సెషన్ అలాగే ఉంటుంది. మనిషి ఇంటికి వెళ్లినా కుర్చీ మీద తువ్వాలు వేసి వెళ్లినట్టు. స్టార్ట్ మెనూలోకి వెళ్లి 'సైన్ అవుట్' చేస్తేనే ఖాళీ అవుతుంది.

ఇంకో తమాషా ఉంది. ఎక్కువమంది వాడేందుకు రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ పెట్టుకుంటే, లైసెన్స్ సర్వర్ లేకుండానే 120 రోజులు నడుస్తుంది. సెటప్ చేసినవాడు పని అయిపోయిందని డబ్బులు తీసుకుని వెళ్తాడు. నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున హఠాత్తుగా ఎవరికీ రాదు. నిన్నటిదాకా పనిచేసింది, ఎవరూ ఏమీ ముట్టుకోలేదు, మరి ఏమైంది అని తలలు పట్టుకుంటారు. గడువు అయిపోయింది, అంతే.

అప్‌డేట్‌ల వల్ల కూడా ఆగుతుంది. 2018 మేలో మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్ లాగిన్‌లో ఒక లోపానికి అప్‌డేట్ ఇచ్చింది. అప్‌డేట్ అయిన కంప్యూటర్లు, అప్‌డేట్ కాని సర్వర్లకు కనెక్ట్ అవడం మానేశాయి. చాలాచోట్ల కంప్యూటర్‌లోంచి అప్‌డేట్ తీసేసి సమస్య 'తీర్చేశారు'. చేయాల్సింది దానికి రివర్స్. సర్వర్‌ని అప్‌డేట్ చేయాలి.

నిజంగానే సర్వర్ డౌన్ అయితే?

అలాంటి రోజులూ ఉన్నాయి. ఈ-వే బిల్లు విధానం 2018 ఫిబ్రవరి 1న దేశవ్యాప్తంగా మొదలవ్వాల్సింది. మొదటి రోజే పోర్టల్ లోడ్ తట్టుకోలేక చతికిలపడింది, వాయిదా వేయాల్సి వచ్చింది. ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య రవాణాకి, ఆంధ్రప్రదేశ్ లోపల తిరిగే సరుకుకి ఏప్రిల్ 15 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 జూలై చివర్లో సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సంస్థ మీద రాన్‌సమ్‌వేర్ దాడి జరిగింది. చిన్న బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ సేవలిచ్చే సంస్థ అది. జాగ్రత్త కోసం ఎన్పీసీఐ దాన్ని తన నెట్‌వర్క్ నుంచి వేరుచేయడంతో దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల కస్టమర్ల చెల్లింపులు ఆగాయి. ఆగస్టు 1కి మళ్లీ కలిపారు. అలాంటి రోజున బ్రాంచ్‌లో క్యాషియర్ మీద అరిచి లాభం లేదు, ఆయన రౌటర్ పదిసార్లు ఆపినా ఫలితం ఉండదు.

2024 జూలై 19న ఇంకో రకం. క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ ఇచ్చిన తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు స్క్రీన్‌తో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. ఎయిర్‌పోర్టుల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అక్కడ దారులు బాగున్నాయి, ఇంటర్నెట్ బాగుంది. కంప్యూటర్లే లేవలేదు.

ఇన్వాయిస్ చేతిలో ఉండి ఈ-వే బిల్లు ఒక్కటే ఆగితే మాత్రం దారులున్నాయి. కంపెనీ సాఫ్ట్‌వేర్ వేరు, ప్రభుత్వ పోర్టల్ వేరు. హెడ్డాఫీస్ లింక్ తెగినా, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని నేరుగా పోర్టల్‌లో లాగిన్ అయి బిల్లు తీయొచ్చు. ఓటీపీ వెళ్లే ఫోన్ ఎవరి దగ్గరుందో ముందే తెలిసి ఉండాలి. ప్రధాన పోర్టల్ ఆగినా పని జరిగేలా 2025 జూలై 1 నుంచి రెండో పోర్టల్ కూడా తెచ్చారు. ఎస్ఎంఎస్ ద్వారా తీసే పద్ధతీ ఉంది. అయితే దానికి మొబైల్ నంబర్ ముందే రిజిస్టర్ చేసుకోవాలి. లారీ గేటు దగ్గర ఆగాక మొదలుపెడితే కుదరదు.

ఒకే స్తంభం మీద రెండు లైన్లు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. కరెంటు, ఫోన్లు, ఇంటర్నెట్ అన్నీ ఒకేసారి పోయాయి. ఈ ప్రాంతంలో ఆఫీస్ పెట్టేవాళ్లు మర్చిపోకూడని తేదీ అది. ఆ తర్వాత వచ్చిన ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ ఎక్కువగా కరెంట్ స్తంభాల మీదుగానే వెళ్తుంది. త్వరగా, తక్కువ ఖర్చుతో ఊరూరికీ చేరడానికి అది మంచి ఉపాయమే. అయితే ఏ కంపెనీ లైన్ అయినా స్తంభం మీద ఉంటే, ఆ స్తంభానికి లారీ గుద్దినా, చెట్టు పడ్డా కరెంటుతో పాటే అదీ పోతుంది.

బ్యాకప్ కోసం రెండు కంపెనీల నుంచి రెండు లైన్లు తీసుకునే ఆఫీసులున్నాయి. బిల్లు రెండు కడతారు. బయటికి వెళ్లి చూస్తే రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీద, ఒకే కొక్కేనికి వేలాడుతుంటాయి. రెండో దారి అంటే నిజంగా వేరే దారి ఉండాలి. 4జీ లేదా 5జీ సిమ్ పెట్టే రౌటర్ అందుకే పనికొస్తుంది. బ్యాంకులు మారుమూల బ్రాంచ్‌లకి, ఏటీఎంలకి వీశాట్ డిష్ పెట్టుకునేది కూడా అందుకే. శాటిలైట్ దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి అర సెకను పైనే పడుతుంది. ఫైబర్‌లో విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు చాలు. అందుకే వీశాట్‌లో రిమోట్ డెస్క్‌టాప్ తెరిస్తే క్లిక్ చేశాక స్క్రీన్ నింపాదిగా మారుతుంది. అది చెడిపోవడం కాదు, దూరం.

దగ్గరి దారి పట్టారో..

ఇప్పుడు అసలు ప్రమాదం. వీపీఎన్‌తో విసిగిపోయిన చిన్న ఆఫీసుల్లో ఎవరో ఒకరు సలహా ఇస్తారు. "ఇదంతా ఎందుకు సార్, రౌటర్‌లో 3389 పోర్ట్ ఓపెన్ చేసేస్తే ఎక్కడి నుంచైనా డైరెక్ట్‌గా వచ్చేస్తుంది". నిజమే, వచ్చేస్తుంది. మీకే కాదు, ప్రపంచంలో అందరికీ. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న ఈ పోర్ట్ కోసం రాత్రీపగలూ వెతికే ప్రోగ్రాములు నడుస్తూనే ఉంటాయి. దొరికాక పాస్‌వర్డ్‌లు ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూస్తాయి. దొరికిందా, ఫైళ్లన్నీ లాక్. రాన్‌సమ్‌వేర్ ముఠాలు లోపలికి దూరే పాత దారుల్లో ఇదొకటి. నంబర్ 3389 నుంచి మార్చినా పెద్ద తేడా ఉండదు.

2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు మన దగ్గరా దెబ్బ తగిలింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో విశాఖ, శ్రీకాకుళం, కృష్ణా, గుంటూరు, చిత్తూరు జిల్లాల్లోని కొన్ని కంప్యూటర్లు లాక్ అయ్యాయి. అది దూరింది ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్ట్ ద్వారా. దానికి మందు మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని మెషీన్లకే తగిలింది. ఇప్పుడు విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బ్రాంచ్‌లలో ఇంకా ఆ కంప్యూటర్లు ఉండొచ్చు.

రెండో ఉచ్చు ఫోన్ నంబర్. సర్వర్ రావట్లేదని కంగారులో గూగుల్‌లో 'కస్టమర్ కేర్' వెతికి, మొదట కనిపించిన నంబర్‌కి చేస్తారు. అవతలివాడు ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, అందులో వచ్చే నంబర్ చెప్పమంటాడు. ఆ యాప్ తప్పుది కాదు, ఐటీ వాళ్లూ వాడేదే. ఆ నంబర్ ఎవరి చేతికి ఇచ్చామన్నదే తేడా. కంప్యూటర్ మొత్తం అప్పగించినట్టే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఫైళ్లు లాక్ అయితే ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకేయాలి, ఆ తర్వాతే మిగతావి. సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి దాడిని గుర్తించిన 6 గంటల్లోగా సంస్థ రిపోర్ట్ చేయాలి.

హెల్ప్‌డెస్క్‌కి ఏం చెప్పాలి?

"సర్వర్ రావట్లేదు" అంటే వాళ్లు కూడా "రీస్టార్ట్ చేయండి" అనే అంటారు. దాని బదులు ఇలా చెప్పి చూడండి: ఎన్ని కంప్యూటర్లకి రావట్లేదు, ఎన్ని గంటల నుంచి, గేట్‌వే పింగ్ వస్తోందా, బయటి పింగ్ వస్తోందా, పేరుకి నంబర్ వస్తోందా, పోర్ట్ ట్రూనా ఫాల్సా. ఎర్రర్ మెసేజ్‌ని సొంత మాటల్లో చెప్పొద్దు, ఫోన్‌తో ఫొటో తీసి పంపండి. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారిందో కూడా చెప్పాలి. కొత్త రౌటరా, కొత్త యాంటీవైరసా, పాస్‌వర్డ్ మార్చారా, ఏసీ మెకానిక్ వచ్చి వైర్లు కదిపాడా. రెండు మూడుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొట్టి ఉంటే అదీ దాచొద్దు. అకౌంట్ లాక్ అయిందేమో వాళ్లు అక్కడ ఒక్క నిమిషంలో చూస్తారు.

ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేయాల్సి వస్తే వాళ్లు మొదట అడిగేది సర్క్యూట్ ఐడీ లేదా కస్టమర్ ఐడీ. అది ఉండే కాగితం సాధారణంగా మేనేజర్ బీరువాలో ఉంటుంది, మేనేజర్ ఆరోజు సెలవులో ఉంటాడు. ఆ నంబర్‌ని రౌటర్ మీదే ఒక స్టిక్కర్ వేసి రాసిపెట్టండి. పక్కనే పక్క బ్రాంచ్ ఫోన్ నంబర్ కూడా. పాస్‌వర్డ్ మాత్రం అక్కడ రాయొద్దు.